స్కాన్‌లో కనిపించే ప్రతి మచ్చా దుమ్ము కాదు

పాత ఫోటోలు, గాజు నెగెటివ్‌లు, చేతిరాత పుస్తకాలు స్కాన్ చేసే ప్రాజెక్టు ఎక్కడ మొదలైనా అందరూ అడిగే ప్రశ్నలు అవే. ఎన్ని పేజీలు అయ్యాయి, రిజల్యూషన్ ఎంత, ఎన్ని టెరాబైట్లు వచ్చాయి, ఆన్‌లైన్‌లో ఎప్పుడు పెడతారు. స్కాన్ అయ్యాక, జనానికి చూపించే ముందు, ఆ బొమ్మ మీద ఎవరు ఏం చేశారన్నది మాత్రం అడిగేవాళ్లు దాదాపు ఉండరు. అసలు పాడయ్యేది అక్కడే. 'ఇమేజ్ క్లీనింగ్' అని ఆ దశకు ఒక పేరు పెట్టి, బొమ్మకు ఇంత అని రేటు కట్టి, ఆ సేకరణ గురించి ఎవరూ ఏమీ చెప్పని కుర్రాళ్ల ముందు వేల ఫైళ్లు పడేస్తే వాళ్లేం చేస్తారు? కంటికి అడ్డం తగిలినదల్లా చెరిపేస్తారు. వాళ్ల తప్పేం లేదు, వాళ్లకు అప్పజెప్పిన పని అది. ఏది చెరపాలి, ఏది ముట్టుకోకూడదు అని ముందే కాగితం మీద రాసి ఇవ్వాల్సింది లైబ్రరీ, మ్యూజియం వాళ్లు.

పాత నెగెటివ్ స్కాన్‌లో కనిపించే మచ్చ ఎప్పటిదైనా కావచ్చు. నిన్న స్కానర్ గాజు మీద పడిన దుమ్ము కావచ్చు. లేదా ఈ వందేళ్లలో ఆ వస్తువుకు జరిగిందేదో కావచ్చు, అంటే పగులు, బూజు, తేమకు లేచిపోయిన ఎమల్షన్ పొర (బొమ్మ ఉండే పూత), అంచుల్లో వెండి పైకి తేలి అద్దంలా మెరవడం, ఎప్పుడో ఎవరో రాసిన నంబరు లాంటివి. ఇవి రెండూ కాకుండా ఫోటోగ్రాఫర్ కావాలని చేసింది కూడా కావచ్చు: ముఖం మీద ముడతలు తగ్గడానికి నెగెటివ్ మీద పెన్సిల్‌తో చేసిన టచింగ్, ప్రింట్‌లో ఆకాశం మచ్చలు లేకుండా తెల్లగా రావాలని పూసిన రంగు, ఎక్కడి వరకు ప్రింట్ వేయాలో చూపించే గీతలు. స్క్రీన్ మీద ఇవన్నీ ఒకేలా కనిపిస్తాయి. స్కానర్ దుమ్మును ఎంత తీసేసినా నష్టం లేదు, తీయాలి కూడా. వస్తువుకు జరిగిన గాయాన్ని తీసేస్తే ఆ వస్తువు చరిత్ర పోతుంది, ఫోటోగ్రాఫర్ చేసినదాన్ని తీసేస్తే ఆయన చేతిపనే పోతుంది.

దీనికి అందరికీ తెలిసిన ఫోటో ఒకటి ఉంది. 1936 మార్చిలో కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర కూలీల గుడారాల్లో అమెరికన్ ఫోటోగ్రాఫర్ డొరోథియా లాంగ్ తీసిన 'మైగ్రెంట్ మదర్'. పిల్లలు ఇద్దరూ రెండు భుజాల మీద ముఖం దాచుకుని ఉంటే, దూరంగా ఎటో చూస్తూ చేయి చెంపకు ఆనించుకున్న తల్లి. మొదట్లో ఆ ఫోటోలో కుడివైపు కింద, గుడారం గుంజను పట్టుకున్న ఒక బొటనవేలు కనిపించేది. అది కంటికి అడ్డంగా ఉందని 1939లో లాంగ్ నెగెటివ్ మీదే టచింగ్ చేయించింది. వేలు పూర్తిగా పోలేదు, తెలిసి చూస్తే దాని నీడలాంటి మరక ఇప్పటికీ ఆ మూల కనిపిస్తుంది. ఆ నెగెటివ్ ఉన్న అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఈ విషయాన్ని దాచలేదు. టచింగ్ అయిన నెగెటివ్ స్కాన్ ఉంది, టచింగ్‌కు ముందు తీసిన ప్రింట్ స్కాన్ వేరే నంబరుతో ఉంది, ఏది ఏదో పక్కనే రాసి ఉంది. ఇప్పుడు ఈ కథ తెలియని మనిషి ఎవరైనా, మంచి ఉద్దేశంతోనే, ఆ మూల మసక మచ్చను ఫోటోషాప్‌లో మచ్చలు చెరిపే హీలింగ్ బ్రష్‌తో తుడిచేశాడనుకోండి. బొమ్మ ఇంకాస్త అందంగానే వస్తుంది. కానీ ఈ నెగెటివ్ మీద ఒక చేయి పడిందని ఆ బొమ్మే చెప్పే సాక్ష్యం పోతుంది.

ఆ ఫోటో అమెరికా ప్రభుత్వం 1930ల్లో తీయించిన ఫోటోల సేకరణలోది, అందులోనే ఇంకో వింత ఉంది. లక్షా 70 వేలకు పైగా నెగెటివ్‌లున్న ఆ ప్రభుత్వ ఫోటో ప్రాజెక్టును నడిపిన రాయ్ స్ట్రైకర్, తనకు పనికిరావనుకున్న నెగెటివ్‌లకు మొదట్లో పంచింగ్ మిషన్‌తో రంధ్రం కొట్టించేవాడు. నెగెటివ్‌లో రంధ్రం అంటే పాజిటివ్‌లో, అంటే మనం చూసే మామూలు బొమ్మలో, నల్లటి గుండ్రని మచ్చ, ఒక్కోసారి సరిగ్గా మనిషి ముఖం మీద. ఈ రోజుల్లో ఆ రంధ్రాన్ని సాఫ్ట్‌వేర్‌తో పూడ్చడం నిమిషం పని. పూడ్చితే ఒక కొత్త ఫోటో దొరికినట్టే ఉంటుంది కూడా. కానీ ఒక ఎడిటర్ 1930ల్లో దేన్ని వద్దనుకున్నాడో చెప్పే గుర్తు అది. లైబ్రరీ వాటిని రంధ్రాలతోనే ఉంచింది, మంచి పని చేసింది.

టచప్ అంటే ఎప్పుడూ తప్పే అని దీని అర్థం కాదు. అది ఎలా చేస్తే బాగుంటుందో చూడటానికి రష్యన్ ఫోటోగ్రాఫర్ సెర్గేయ్ ప్రొకూదిన్-గోర్స్కీ సేకరణ కంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం. రష్యా సామ్రాజ్యాన్ని రంగుల్లో చూపించాలని జార్ రెండో నికొలస్ అండతో 1909 నుంచి కొన్నేళ్లు ఆయన ఊరూరా తిరిగాడు. ఒకే పొడవాటి గాజు పలక మీద, ఒకదాని కింద ఒకటిగా, నీలం, ఆకుపచ్చ, ఎరుపు ఫిల్టర్ల వెనక నుంచి మూడు నలుపు తెలుపు బొమ్మలు వెంటవెంటనే తీసేవాడు. వాటిని మూడు రంగుల కాంతితో తెర మీద ఒకచోట కలిపితే రంగుల బొమ్మ. విప్లవం తర్వాత దేశం వదిలేశాడు, 1944లో పారిస్‌లో చనిపోయాడు, 1948లో ఆయన వారసుల దగ్గర నుంచి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఆ పలకలు కొన్నది. మొత్తం 1,902 పలకలు. 2000లో వాటిని స్కాన్ చేశారు.

ఆ తర్వాత ఒకే సేకరణ మీద రెండు రకాల పని జరిగింది. 2001 ప్రదర్శన కోసం వాల్టర్ ఫ్రాంక్‌హౌజర్ అనే ఫోటోగ్రాఫర్ 122 బొమ్మలను ఒక్కొక్కటిగా చేతితో చేశాడు. మూడు బొమ్మల్ని కలపడం, అంచులు కత్తిరించడం, గీతలు తీయడం, రంగు సరిచేయడం అన్నీ. 2004లో బ్లేజ్ అగ్వేరా ఇ ఆర్కస్ రాసిన ప్రోగ్రామ్‌తో మిగతా అన్నింటినీ కూడా మనిషి చేయి పడకుండా కలిపారు. ఆ రెండో రకం బొమ్మల్లో అంచుల దగ్గర రంగులు చెదిరి ఉంటాయి, ఎర్ర చుక్కలు, నీలం గీతలు ఉంటాయి. చూడటానికి మొదటివే బాగుంటాయి. అయినా లైబ్రరీ రెండూ ఉంచింది, వాటితో పాటు పలక మొత్తాన్ని మూడు బొమ్మలతో, విరిగిన అంచులతో సహా చూపించే స్కాన్ కూడా ఉంచింది. ఎవరైనా దాన్ని దింపుకుని మొదటి నుంచి తమ పద్ధతిలో కలుపుకోవచ్చు. నచ్చని టచప్‌ను పక్కన పెట్టి అసలు దగ్గరికి వెళ్లే దారి తెరిచి ఉండటం అంటే ఇదే.

ఈ పలకల్లో మచ్చలే చాలా చెబుతాయి, కాస్త ఆగి చూడాలి. నెగెటివ్ మీద దుమ్ము ఉంటే కాంతి ఆగిపోయి ఆ చోటు పాజిటివ్‌లో తెల్లగా వస్తుంది. ఎరుపు ఫిల్టర్ బొమ్మ మీద మాత్రమే ఆ దుమ్ము ఉంటే, మూడూ కలిపాక అక్కడ ఎర్ర చుక్క కనిపిస్తుంది. ఆకుపచ్చ చుక్క కనిపిస్తే దుమ్ము మధ్య బొమ్మ మీద ఉన్నట్టు. అంటే మచ్చ రంగును బట్టి అది ఏ బొమ్మ మీదదో తెలిసిపోతుంది, పైగా ఆ చోట ఏముండేదో మిగతా రెండు బొమ్మల్లో భద్రంగా ఉంది. కాబట్టి సరిచేసేవాళ్లు ఊహించి పూడ్చనక్కర్లేదు, పక్క బొమ్మల్లోంచి ఆధారం తీసుకోవచ్చు. అదే సేకరణలో నది నీళ్ల మీద, కదిలిన మనుషుల చేతుల దగ్గర ఇంద్రధనుస్సులాంటి రంగు అంచులు ఉంటాయి. అవి మచ్చలు కావు. ఒక బొమ్మకూ ఇంకో బొమ్మకూ మధ్య గడిచిన కొద్ది సెకన్లలో నీళ్లు కదిలాయి, మనిషి కదిలాడు. దుమ్ము తీసే సాఫ్ట్‌వేర్‌కు ఈ రెండింటికీ తేడా తెలియదు, పలక ఎలా తయారైందో తెలిసిన మనిషికి చూడగానే తెలుస్తుంది. టచప్ చేసేవాళ్లకు ఫోటోషాప్ ఎంత వచ్చు అన్నదాని కంటే ఆ వస్తువు ఎలా పుట్టిందో ఎంత తెలుసు అన్నది ముఖ్యం అని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

దుమ్ము స్కానర్‌దా, వస్తువుదా అని తేల్చడం అంత కష్టమేం కాదు. వరసగా తీసిన స్కాన్‌లను ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే, అన్నింట్లో ఒకేచోట ఉన్న చుక్క గాజుదో సెన్సర్‌దో అయి ఉంటుంది. పలకను తిప్పి పెట్టి మళ్లీ స్కాన్ చేస్తే పలకతో పాటు తిరిగిన మచ్చ పలకది. కింద నుంచి వెలుతురు వేసి ఒకటి, పక్క నుంచి ఏటవాలుగా వేసి ఒకటి తీస్తే పెన్సిల్ టచింగ్, వార్నిష్ పూత, లేచిన పొర బయటపడతాయి. కలర్ ఫిల్మ్‌కైతే స్కానర్‌లోనే ఒక సౌకర్యం ఉంటుంది. ఇన్‌ఫ్రారెడ్‌తో ఇంకోసారి స్కాన్ తీస్తే ఫిల్మ్‌లోని రంగులు దాన్ని అడ్డుకోవు, దుమ్మూ గీతలే అడ్డుకుంటాయి, వాటి ఆనవాళ్లతో మ్యాప్ తయారవుతుంది. అయితే పాత నలుపు తెలుపు నెగెటివ్‌లకు ఇది పనికిరాదు. అక్కడ బొమ్మ అంతా వెండి రేణువులే, వెండి ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపేస్తుంది, బొమ్మే పెద్ద మచ్చలా కనిపిస్తుంది. ఆ సౌకర్యం ఆన్‌లో పెట్టి నలుపు తెలుపు నెగెటివ్ స్కాన్ చేస్తే దుమ్ముతో పాటు బొమ్మలోని సన్నని వివరాలూ దెబ్బతింటాయి.

ఇక మన దగ్గరికి వస్తే, తెలుగు పాఠకులకు ఈ నష్టం బాగా తెలిసినదే, పేరు పెట్టి పిలవకపోయినా. కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి గారు ముందుండి నడిపించిన పది లక్షల పుస్తకాల ప్రాజెక్టు, అందులో భాగమైన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వల్ల వేల పాత తెలుగు పుస్తకాలు ఇంట్లో కూర్చుని చదువుకునే వీలు వచ్చింది, ఆ మేలు చిన్నది కాదు. కానీ ఆ స్కాన్‌లలో చాలావాటిని నలుపు, తెలుపు అనే రెండే స్థాయిల్లోకి మార్చేశారు, మధ్యలో బూడిద రంగు లేదు. అక్షరాలకు అది కొంతవరకు సరిపోతుంది. పుస్తకం మొదట్లో ఉండే రచయిత ఫోటో మాత్రం సిరా ఒలికినట్టు నల్లటి ముద్ద అయిపోయింది. అట్టబొమ్మలూ అంతే. ఆ ముద్దలోంచి ముఖాన్ని ఏ టచప్ తిరిగి తేలేదు, ఎందుకంటే సమాచారం స్కాన్ దశలోనే పోయింది. ఆ పుస్తకం ప్రతి ఎక్కడైనా మిగిలి ఉంటే మళ్లీ స్కాన్ చేయడం ఒక్కటే మార్గం.

అంతకంటే కనబడని నష్టం అక్షరాలకు జరుగుతుంది. చుక్కలు తీసే ఫిల్టర్ ఫలానా సైజు కంటే చిన్నగా, ఒంటరిగా ఉన్న ప్రతి నల్ల బిందువునూ చెత్త అనుకుంటుంది. మన లిపిలో ద కింద చిన్న గీత పెడితే ధ, డ కింద పెడితే ఢ, ప కింద పెడితే ఫ. పాత అచ్చులో, సిరా సరిగా పడని చోట ఆ గీత అక్షరానికి అంటుకోకుండా విడిగా పడుతుంది. ఫిల్టర్ కాస్త గట్టిగా పెడితే ఆ గీత ఎగిరిపోతుంది, ధనము దనమవుతుంది, చదివేవాడు అచ్చుతప్పు అనుకుంటాడు. నిజాం కాలపు ఉర్దూ రికార్డులకైతే ఇది ఇంకా పెద్ద ప్రమాదం. ఉర్దూలో బే కింద ఒక చుక్క, పే కింద మూడు, తే మీద రెండు, సే మీద మూడు, కింద గిన్నెలాంటి ఆకారం అన్నింటికీ ఒకటే. చుక్కలు పోతే అక్షరమే పోయినట్టు. అలాంటి పేజీల మీద ఆటోమేటిక్ ఫిల్టర్ పెట్టే ముందు ఆ భాష చదవగల మనిషి యాభై పేజీలైనా అసలుతో పోల్చి చూడాలి. ఆ మనిషికి ఇచ్చే జీతం మిగుల్చుకోవాలని చూస్తే మిగిలేది చదవడానికి పనికిరాని పేజీలు.

గట్టిగా మార్పులు చేయడమే మేలైన సందర్భాలూ ఉన్నాయి. తాటాకు మీద గంటంతో గీసిన అక్షరాల్లో మసి రాలిపోయి ఆకు రంగులో కలిసిపోయి ఉంటే, కాంట్రాస్ట్ ఎంత పెంచితే అంత చదవొచ్చు, అది చేయాలి. ఆర్కిమిడీస్ రచనలున్న పదో శతాబ్దపు చర్మపత్రాలను 13వ శతాబ్దంలో గీకేసి వాటి మీద ప్రార్థనలు రాసుకున్నారు. బాల్టిమోర్‌లోని వాల్టర్స్ మ్యూజియంలో రకరకాల తరంగదైర్ఘ్యాల కాంతిలో ఆ పేజీలను ఫోటోలు తీసి, ఎక్కడా లేని కృత్రిమ రంగులు వేసి, అడుగున ఉన్న రాతను పైకి తెచ్చారు. అసలు పేజీ అలా అస్సలు ఉండదు. అయినా ఎవరూ మోసం అనలేదు. ఎందుకంటే మార్చిన బొమ్మలతో పాటు మార్చని బొమ్మలనూ, ఏ కాంతిలో తీశారో ఆ వివరాలనూ 2008లో అందరికీ వదిలేశారు.

రంగు సరిచేయడం మాటకొస్తే, చాలామంది పసుపెక్కిన కాగితాన్ని తెల్లగా చేయడమే సరిచేయడం అనుకుంటారు. కాగితం ఈ రోజు పసుపుగానే ఉంది. మాస్టర్ ఫైల్‌లో, అంటే మార్చకుండా దాచే అసలు స్కాన్‌లో, అది పసుపుగానే ఉండాలి, ఎంత పసుపో కొలిచి మరీ ఉండాలి. అందుకే 24 రంగు గడుల కార్డును పక్కన పెట్టి స్కాన్ తీస్తారు, ఆ గడుల అసలు విలువలు తెలుసు కాబట్టి స్కాన్‌లో ఎంత తేడా వచ్చిందో లెక్క కట్టొచ్చు. దీనికి అమెరికా ప్రభుత్వ సంస్థల మార్గదర్శకాలు ఉన్నాయి, నెదర్లాండ్స్ వాళ్ల మెటామోర్‌ఫోజ్ మార్గదర్శకాలు ఉన్నాయి. సరైన రంగుతో సంస్థే బొమ్మ ఇవ్వకపోతే ఏమవుతుందో ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియంకు బాగా తెలిసొచ్చింది. వెర్మీర్ గీసిన పాలమనిషి చిత్రానికి ఇంటర్నెట్‌లో 10 వేలకు పైగా నాసిరకం కాపీలు, చాలావరకు పసుపు తిరిగినవి. మ్యూజియం దుకాణంలో అసలు రంగులతో ఉన్న పోస్ట్‌కార్డ్ చూసి జనం ఇది తప్పు రంగు అనే స్థితి వచ్చింది. దాంతో వాళ్లే మంచి స్కాన్‌ను ఉచితంగా బయటపెట్టారు.

ఇప్పుడు కృత్రిమ మేధ. గీత ఉన్న చోట పక్క పిక్సెళ్లు తెచ్చి పూడ్చడం ఒక పని, మసక ముఖానికి కొత్త కళ్లు గీయడం పూర్తిగా వేరే పని. ముఖాలను స్పష్టం చేసే సాఫ్ట్‌వేర్ లక్షల ముఖాలు చూసి నేర్చుకుని, ఇక్కడ సాధారణంగా ఇలాంటి కన్ను ఉంటుంది అని గీస్తుంది. అది ఆ మనిషి కన్ను కాదు. కుటుంబం తమ తాతగారి ఫోటోకు చేయించుకుంటే వాళ్ల ఇష్టం. లైబ్రరీ చేస్తే మాత్రం అది సాక్ష్యాన్ని మార్చడమే, ఈ విషయంలో మెత్తగా మాట్లాడాల్సిన అవసరం లేదు. 2021 ఏప్రిల్‌లో కంబోడియాలోని తువోల్ స్లెంగ్ జైలు ఖైదీల ఫోటోలకు రంగులు వేసిన ఒక కళాకారుడి పనిని ఒక వెబ్ పత్రిక ప్రచురించింది. చంపడానికి ముందు తీసిన ఆ ఫోటోల్లో కొన్నింటికి రంగులతో పాటు చిరునవ్వులు కూడా వచ్చాయని బయటపడింది. కంబోడియా సాంస్కృతిక శాఖ గట్టిగా అభ్యంతరం చెప్పింది, పత్రిక ఆ వ్యాసం తీసేసింది. ఆ ఫోటోలు యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో చేరిన సేకరణలోవి. అసలు ఫోటోలు మ్యూజియం చేతిలో ఉన్నాయి కాబట్టి మార్పు దొరికిపోయింది. అసలు బయటకు రాని సేకరణలో ఇదే జరిగితే పట్టుకునేది ఎవరు?

అసలు ఫైళ్లు దాచడానికి చోటు లేదు, ఖర్చు ఎక్కువ అనే మాట వినిపిస్తుంటుంది. లెక్క వేసి చూద్దాం. ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ గాజు నెగెటివ్‌లు 2,800కు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. అలాంటి సేకరణలో పలకల సైజులు ఎలా ఉన్నా, అన్నీ 8 బై 10 అంగుళాలవే అనుకుని, అంగుళానికి 600 పిక్సెళ్ల చొప్పున, ప్రతి రంగుకూ 16 బిట్లతో స్కాన్ చేస్తే ఒక్కో ఫైల్ 173 మెగాబైట్ల దాకా వస్తుంది. మొత్తం కలిపితే 500 గిగాబైట్లు దాటదు. మూడు కాపీలు మూడు ఊళ్లలో పెట్టినా చిన్న ఆఫీసు భరించగలిగిన ఖర్చే. అంగుళానికి రెట్టింపు పిక్సెళ్లు కావాలంటే నాలుగు రెట్లవుతుంది, అప్పుడు కూడా రెండు టెరాబైట్లే.

కాబట్టి టెండర్‌లో రాయాల్సినవి పెద్దగా ఏం లేవు. స్కానర్‌లోంచి వచ్చిన ఫైల్‌ను పదును పెంచకుండా, కత్తిరించకుండా, పలక నాలుగు అంచులూ కనిపించేలా టిఫ్‌గా దాచాలి, దానికి చెక్‌సమ్ (ఫైల్ ఏమాత్రం మారినా పట్టిచ్చే సంఖ్య) తీసి పెట్టాలి, ఆ ఫైల్‌ను ఇంకెవరూ తెరిచి సేవ్ చేయకూడదు. టచప్ అంతా కాపీ మీదే, వేరే లేయర్‌లో జరగాలి, లేయర్ ఆపేస్తే అసలు కనిపించాలి. స్కానర్ దుమ్ము తప్ప ఇంకేది తీసినా ఏం తీశారు, ఎవరు తీశారు, ఏ తేదీన, ఏ సాఫ్ట్‌వేర్‌తో అన్నది ఫైల్ వివరాల్లో ఉండాలి, అదే మాట వెబ్‌సైట్‌లో బొమ్మ కింద మామూలు తెలుగులో కనిపించాలి. మొదటి వంద బొమ్మలు అయ్యాక పని ఆపి, ఆ సేకరణ తెలిసిన క్యూరేటర్, ఆ భాష చదవగల మనిషి ఇద్దరూ అసలు వస్తువులు పక్కన పెట్టుకుని చూడాలి, వాళ్లు సంతకం పెట్టాకే మిగతా వేలు మొదలవ్వాలి. రేటు కూడా బొమ్మకు ఇంత అని ఒకటే కట్టకుండా స్కాన్‌కు వేరు, టచప్‌కు వేరు కట్టాలి, ముట్టుకోకుండా వదిలేసిన బొమ్మకు కూడా పరిశీలించినందుకు డబ్బు ఇవ్వాలి. లేకపోతే ఏదో ఒకటి చెరిపి చూపించాల్సిన అవసరం పనివాళ్ల నెత్తిన పడుతుంది.